కలుపు పటం

లావేరు దాటేక తారు అయిపోయింది.
చేతిలో జీపీఎస్, సంచిలో కాగితపు కవర్లు.
వరికి అడవిలో మిగిలిన చుట్టాలు
ఏ గుంటలో ఏ గట్టున బతుకుతున్నారో
చుక్కలు పెట్టుకు రమ్మని ఉద్యోగం.
మూడు నెలల కాంట్రాక్టు, రోజుకి నాలుగు చుక్కలు.

రెండు రోజులు ఒక్క చుక్కా పడలేదు.
"మా మడిలో నివ్వరా? నేదు తల్లీ" అన్నారు బుగతలు,
పెళ్లివారు వచ్చిన పూట
పిచ్చి మేనమామని పెరట్లో దాచినట్టు.

మూడో రోజు టీ కొట్టు అతను చెప్పేడు:
తవిటమ్మని అడుగు.
నలభై ఏళ్లు కలుపు తీసింది.
నివ్వరి ఎక్కడుందో
ఆవిడకి తెలిసినట్టు నివ్వరికే తెలీదు.

ఆవిడ ముందు నా కాళ్ల చెప్పులు చూసింది,
తర్వాత యంత్రం చూసింది.
"పీకడానికా?"
కాదన్నాను.
"మరేటికి?"
శిక్షణలో చెప్పిందే చెప్పేను:
రేపు చేలోకి ఉప్పునీరొస్తే, కొత్త తెగులొస్తే
వరి వెళ్లి దీని గుమ్మంలోనే అప్పడగాలి అని.
కాసేపు చుట్ట పొగ వదిలింది.
"పీకినందుకు నాకు కూలిచ్చేరు,
ఉంచినందుకు నీకిత్తన్నారు.
కానీ, పద."

మోకాలి లోతు బురదలో ఆవిడ ముందు, నేను వెనక.
మొదలు విరిచి చూపించింది, లోపల ఊదారంగు.
"ఉబాలప్పుడు రెండూ ఒక్కలాగే ఉంతాయి.
మొగం చూస్తే తెల్దు. కాళ్లు సూడాల."
కంకి వంచింది, ఎర్ర మీసాలు.
వేలు తగలగానే సగం గింజలు నీళ్లలోకి దూకేయి.
"సూసేవా? కొడవలి కోసం కాసుకోదిది."

మదుం పక్కన ఒకటి.
గేదెలు పడుకునే గుంటలో రెండు.
రైలు కట్టకి మట్టి తవ్విన గోతుల వెంట
లెక్కపెట్టలేక ఆరు.
యంత్రం అంకెలు చెప్తుంది,
పద్దెనిమిది పాయింటు రెండు ఒకటి ఎనిమిది,
ఆవిడ తన పేర్లు చెప్తుంది:
ఇది సూరన్నకి పాము కరిచిన మడి,
ఇది నాకు నొప్పులొచ్చిన గట్టు.
స్థలం పేరు గడిలో ఇరవై అక్షరాలకే చోటు.
నొప్పులు పట్టలేదు.

గట్టు మీద పసుపు పువ్వుల తీగ పట్టి లాగింది.
"ఇదీ రాసుకో, పిల్లిపెసర. పెసర్లకి చుట్టమే."
మా జాబితాలో లేదు.
కాగితం వెనకవైపు రాసుకున్నాను.

సమాచారం ఇచ్చినవారు: ముద్దాడ తవిటమ్మ.
"ఆ పేరెందుకో రాయవా?
నాకు ముందు ముగ్గురు పోయేరు.
నన్ను సోలెడు తవుడుకి పొరుగింటికి ఇచ్చేసి
మళ్లీ తెచ్చుకున్నారు.
ఇంత చవకదాన్ని ఏం చేసుకుంటాడు,
యముడు ఒగ్గేసేడు."

పొద్దు వాలేక గెడ్డ మలుపు దగ్గర ఆగింది.
నడుం ఎత్తు నివ్వరి, గాలికి ఎర్రగా కదుల్తూ.
ఇన్నేళ్లలో దీని మీద చెయ్యి వెయ్యలేదట.
ఎందుకో నేను అడగలేదు, తనే చెప్పింది:
కరువేడు తెల్లారగట్ల మంచు ఆరకముందు
అమ్మ చేట పట్టి ఇక్కడే దులిపేది,
మంచు తడికి గింజ రాలకుండా చేతికొచ్చేది.
ఎర్రటి గంజి. వాసన ఇప్పటికీ...
అంటూ చుట్ట కోసం వెతుక్కుంది.

"దీనికి చుక్కెట్టకు."

యంత్రం అప్పటికే ఏడు ఉపగ్రహాల్ని పట్టుకుని
భద్రపరచనా అని అడుగుతోంది.
ఆవిడ అటు తిరిగి నిలబడింది.
నేను రెండొందల అడుగులు నడిచి
గెడ్డ నీళ్ల మధ్య రాయి మీద నిలబడి నొక్కేను.

విజయనగరం ఆఫీసులో తెర మీద పటం పరిచేరు.
సారు వేలు ఒకచోట ఆగింది.
"ఇదేంటమ్మా, ఏటి మధ్యలో పడింది?"
ఉపగ్రహం తప్పండి, అన్నాను.
నా మొహం ఆయన చూడలేదు, పాయింటర్ జరిపేడు.

రాత్రి హాస్టల్ వెనక చున్నీ దులుపుతుంటే
ఎర్ర మీసాల గింజ ఒకటి
చీకట్లో తూము వైపు ఎగిరింది.
ఫోను వెలుగులో చాలాసేపు వెతికేను.
దొరకలేదు.